ఊదగానే ఒక పక్కకే ఉబ్బుతోంది, మర్నాటికి మెడ దగ్గర పగులుతోంది: గాజు సీసాలు చేయడం ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు గుంటూరు నుంచి అడిగిన దానిలో ముఖ్యంగా మూడు సంగతులున్నాయి. గొట్టాన్ని మంటలో పెట్టి ఊదితే బుడగ ఒక పక్కకే పోతోంది. బాగా కుదిరిందనుకున్న సీసా మర్నాడు పొద్దున చూస్తే మెడ దగ్గర పగిలి ఉంటోంది. ఇంట్లో ఈ పని నేర్చుకోవాలంటే ఏం కొనాలి, ఏది ముందు చేయాలి అన్నది మూడోది. మంట ముందు గాజుపాత్రను తయారుచేసేవి రెండు చేతులు. ఊపిరి పని చివరి రెండు సెకన్లే. మీరు ఊదడాన్ని దిద్దుకోవాలని చూస్తున్నారు. ముందు తిప్పడం, వేడిని సమంగా పరచడం, నెమ్మదిగా చల్లార్చడం దిద్దుకోండి. మీ మొదటి రెండు ఇబ్బందులూ అక్కడే పోతాయి.

అన్నిటికంటే ముందు ఒకటి ఆపేయండి. పాత ట్యూబులైటు గొట్టాలతో సాధన చేస్తున్నానని రాశారు. వాటి లోపల పాదరసం, తెల్లటి ఫాస్ఫర్ పొడి ఉంటాయి. వేడికి పాదరసం ఆవిరై, గొట్టాన్ని నోట్లో పెట్టుకున్న మనిషి ఊపిరిలోకే వస్తుంది. కడిగి వాడతానన్నా వద్దు.

పాత సీసాల గాజు ప్రమాదం కాదు గానీ నేర్చుకునేవాళ్లకు పనికిరాదు. అది సోడా గాజు. వేడికి దాని వ్యాకోచం డిగ్రీకి పది లక్షల్లో సుమారు 9 వంతులు. ప్రయోగశాల సామాను చేసే బోరోసిలికేట్ గాజుది 3.3 వంతులు. ఆ గాజును 'బోరో 3.3' అని పిలిచేది అందుకే. వ్యాకోచం మూడో వంతు ఉంటే, ఒక పక్క వేడిగా ఇంకో పక్క చల్లగా ఉన్నప్పుడు పుట్టే లాగుడు కూడా దాదాపు మూడో వంతే. మంటలోకి కాస్త తొందరగా తెచ్చినా బోరో ఓర్చుకుంటుంది, సోడా గాజు టప్పున చిట్లుతుంది. పూసలకు సోడా గాజు సరిపోతుంది. పాత్రలకు మాత్రం బోరోతోనే మొదలుపెట్టండి.

రెండిటినీ ఒకే పనిలో కలపకూడదు. అతుకు ఎంత చక్కగా కుదిరినా చల్లారేటప్పుడు విడిపోతుంది. తుక్కులో దొరికిన ముక్క ఏ గాజో తెలియకపోతే మందుల షాపులో గ్లిజరిన్ కొని చిన్న గ్లాసులో పోసి, ముక్కను అందులో ముంచండి. బోరో దాదాపు కనిపించకుండా పోతుంది, ఎందుకంటే గ్లిజరిన్, బోరో రెండిటి వక్రీభవన గుణకం, అంటే వెలుగును వంచే కొలత, సుమారు 1.47. సోడా గాజుది 1.52 దగ్గర కాబట్టి అంచులు స్పష్టంగా కనిపిస్తూనే ఉంటాయి. ఇంకో పరీక్ష కూడా ఉంది. రెండు ముక్కల కొసలను పక్కపక్కనే ఆనించి కరిగించి, సన్నటి దారంలా లాగండి. చల్లారాక దారం నిటారుగా ఉంటే రెండూ ఒకే జాతి. విల్లులా వంగితే వాటిని కలపొద్దు.

కాలేజీలకు ప్రయోగశాల సామాను సరఫరా చేసే దుకాణాలు విజయవాడలోనూ గుంటూరులోనూ ఉన్నాయి. గొట్టం కావాలంటే బయటి వ్యాసం, గోడ మందం రెండూ చెప్పాలి. మొదటి రెండు నెలలకు 16 మిల్లీమీటర్ల వ్యాసం, 1.8 మిల్లీమీటర్ల గోడ తీసుకోండి. ఒక మిల్లీమీటరు గోడ ఉన్న పల్చటి గొట్టం చూపు తిప్పేలోపు కుంగిపోతుంది. 26 మిల్లీమీటర్లు, 2 మిల్లీమీటర్ల గోడ ఉన్నది చేయి కుదిరాక కొనండి. వీటితో పాటు 6 మిల్లీమీటర్ల నిండు కడ్డీ కొంత ఉండాలి.

ఇక మంట. బోరో మెత్తబడడం సుమారు 820 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. చేతితో మలచగలిగే స్థితికి రావాలంటే 1250 డిగ్రీలు కావాలి. ఎల్‌పీజీని గాలితో మండించే టార్చి దీనికి చాలదు, ఆక్సిజన్ కావాలి. బల్లకు బిగించే బర్నర్‌లో గ్యాసూ ఆక్సిజనూ మూతి బయటే కలిసే రకం తీసుకోండి. లోపలే కలిపే రకంలో మంట వెనక్కి తన్నే అవకాశం ఎక్కువ. ఇంటి స్టవ్ రెగ్యులేటర్ ఇచ్చే ఒత్తిడి చాలా తక్కువ, దానితో ఈ బర్నర్ నడవదు. ఒత్తిడి మార్చుకునే రెగ్యులేటర్ పెట్టి గ్యాసును చదరపు సెంటీమీటరుకు 0.2 నుంచి 0.3 కేజీ దగ్గర, ఆక్సిజన్‌ను 0.5 నుంచి 1 కేజీ దగ్గర ఉంచండి. అమ్ముకునే పనికి ఇంటి 14.2 కిలోల బండ వాడడం చట్టరీత్యా కుదరదు, 19 కిలోల కమర్షియల్ బండ తీసుకోవాలి.

ఖర్చు అంచనాకు ఒక లెక్క. చిన్న బర్నర్ నిమిషానికి దాదాపు 10 లీటర్ల ఆక్సిజన్ తాగుతుంది. 7 ఘనమీటర్ల పెద్ద సిలిండర్ అంటే 7,000 లీటర్లు, దాదాపు పదకొండున్నర గంటల మంట. అదే మంటకు గ్యాసు ఆక్సిజన్‌లో నాలుగో వంతు సరిపోతుంది కాబట్టి ఒక 19 కిలోల బండ అయ్యేలోపు నాలుగైదు ఆక్సిజన్ సిలిండర్లు అయిపోతాయి. అందుకే చాలామంది గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ గురించి అడుగుతారు. నిమిషానికి 10 లీటర్లు ఇచ్చేదైతే 16 మిల్లీమీటర్ల గొట్టం వరకు పని నడుస్తుంది. 5 లీటర్ల దానితో 10, 12 మిల్లీమీటర్ల గొట్టాలు దాటలేరు. మంట బలం చాలక గాజును ఎక్కువసేపు నానబెడతారు, నానబెట్టిన గాజు మీద పాలపొర కమ్ముతుంది.

వెల్డింగ్ సామాను దొరికే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట రెగ్యులేటర్లు, ఎర్ర, నీలం హోసులు, మంట గొట్టంలోకి వెనక్కి తన్నకుండా ఆపే ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు దొరుకుతాయి. అరెస్టర్లు రెండు వైపులా పెట్టాలి, ఇందులో ఆదా చేయొద్దు. గ్యాసు వైపు మర ఎడమకు తిప్పితే, ఆక్సిజన్ వైపు మర కుడికి తిప్పితే బిగుస్తుంది. బలవంతంగా ఎక్కించాల్సి వస్తోందంటే తప్పు మర పెడుతున్నారని అర్థం. ఆక్సిజన్ వైపు ఏ మరకూ నూనె, గ్రీజు తగలనివ్వొద్దు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌తో నూనె దానంతటదే అంటుకుంటుంది. ప్రతి బిగింపునూ సబ్బు నురగతో చూడండి. ఎల్‌పీజీ గాలికంటే బరువు, కారితే నేలమీదే పరుచుకుంటుంది. కాబట్టి కిటికీ తీశాం కదా అనుకుంటే చాలదు, నేలమట్టాన కూడా గాలి బయటికి పోయే దారి ఉండాలి. సిలిండర్లు గోడ బయట, నిలువుగా, గొలుసు వేసి ఉంచండి. వెలిగించేటప్పుడు ముందు గ్యాసు, తర్వాత ఆక్సిజన్. ఆర్పేటప్పుడు ముందు ఆక్సిజన్, తర్వాత గ్యాసు.

కళ్లకు డిడిమియం అద్దాలు కావాలి. వేడెక్కిన గాజు నుంచి వచ్చే సోడియం పసుపు వెలుగును, అంటే 589 నానోమీటర్ల దగ్గరి వెలుగును, అవి ఆపుతాయి. అవి లేకపోతే పసుపు మంట తప్ప గాజు కనిపించదు. అయితే పరారుణ వేడిని అవి సరిగా ఆపవు. 26 మిల్లీమీటర్ల గొట్టానికి వెళ్లాక డిడిమియంతో పాటు 3వ నంబరు వెల్డింగ్ షేడు కలిసిన అద్దం పెట్టుకోవాలి. ఒంటి మీద నూలు బట్టలే ఉండాలి. పాలిస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటుంది. 400 డిగ్రీల గాజు, చల్లటి గాజు చూపుకి ఒకేలా ఉంటాయి. అందుకే వేడి ముక్కలు పెట్టే చోటు ఒక్కటే ఉండాలి, అక్కడికి చేయి పోకూడదు. కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్లకింద పెట్టండి, టూత్‌పేస్టు పూయొద్దు.

మీ బుడగ ఒక పక్కకు పోవడానికి సగం కారణం మీరు రాసిన వివరంలోనే దొరికింది: సీలింగ్ ఫ్యాన్. మన ఎండల్లో ఫ్యాన్ లేకుండా మంట ముందు కూర్చోవడం కష్టమే. కానీ ఫ్యాన్ గాలి మంటను వంచుతుంది, గొట్టం పైభాగాన్ని కిందిభాగంకంటే ముందు చల్లారుస్తుంది. చల్లారిన వైపు గట్టిపడి కదలదు, వేడి వైపే ఉబ్బుతుంది. ఫ్యాన్ ఆపండి. మంటకు పైన, కొద్దిగా ముందువైపు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టండి, మీ వీపు వెనకనుంచి తాజా గాలి మెల్లగా వచ్చేట్టు చూడండి. మంట నుంచి వచ్చే పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు, కొంత కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి కాబట్టి ఎగ్జాస్ట్ ఎలాగూ తప్పదు. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున ఐదు నుంచి ఎనిమిదిన్నర వరకు పని పెట్టుకోవడం మేలు.

మిగతా సగం చేతుల్లో ఉంది. ఎడమచేయి గొట్టం మీదనుంచి, అరచేయి కిందకు చూసేట్టు పట్టుకోవాలి. బరువు మోసేది ఆ చేయే. కుడిచేయి కిందనుంచి, కలం పట్టినట్టు పట్టుకోవాలి. రెండూ ఒకే వేగంతో, ఒకే దిక్కుకు, ఆగకుండా తిప్పాలి. గాజు గట్టిగా ఉన్నంతసేపు ఇది సులువే, ఎందుకంటే ఒక చేయి తిప్పితే ఇంకో కొస అదే తిరుగుతుంది. మధ్యలో మెత్తబడగానే అది రెండు వేర్వేరు గొట్టాలు. అప్పుడు ఒక చేయి వెనకబడితే మెలిక పడుతుంది, ఒక చేయి కిందకు దిగితే వంకర వస్తుంది. దీనికి మంట అక్కర్లేని సాధన ఉంది. రెండు చల్లటి గొట్టాల మధ్య అరచేయంత నూలుగుడ్డను గొట్టంలా చుట్టి రబ్బరు బ్యాండ్లతో కట్టండి. రెండు చేతులతో తిప్పుతూ ఉంటే గుడ్డ మెలిపడకూడదు, కుంగకూడదు, సాగకూడదు. రోజుకు పావుగంట చొప్పున రెండు వారాలు చేయండి. బర్నర్ ఇంకా రాకపోయినా మొదలుపెట్టొచ్చు.

మంట దగ్గర మొదట నేర్వాల్సింది పాయింట్లు లాగడం, అంటే గొట్టాన్ని సన్నటి పిడిగా సాగదీయడం. ఊదడం ఇంకా వద్దు. గొట్టం మధ్యలో 15 నుంచి 20 మిల్లీమీటర్ల పట్టీని తిప్పుతూ వేడిచేయండి. మొదట మంట అంచున పసుపు కనిపిస్తుంది, తర్వాత గాజు మెత్తబడి గోడలు కాస్త లోపలికి దిగి మందమవుతాయి. బెల్లం పాకం పట్టిన చేతికి ఈ దశ తెలుస్తుంది, తీగపాకం దాటి ఉండపాకం వైపు వెళ్లేటప్పటి బరువు అది. అప్పుడు మంటలోంచి బయటికి తీసి, ఒకటి, రెండు అని లెక్కపెట్టి, తిప్పుతూనే లాగండి. మొదట నెమ్మదిగా, గాజు ఎదురులాగడం మొదలయ్యాక కొంచెం వేగంగా. పాతిక సెంటీమీటర్ల పొడవున, 6, 7 మిల్లీమీటర్ల లావున నిటారు పిడి రావాలి. గట్టిపడేవరకు తిప్పడం ఆపొద్దు. మంటలో ఉండగానే లాగితే వెంట్రుకలా సన్నబడి తెగుతుంది. ఇప్పుడు పిడి మధ్యలో కరిగించి వేరుచేస్తే కొస మూసుకుంటుంది. గొట్టం అటువైపు కూడా ఇలాగే చేస్తే రెండు పిడుల మధ్య 60 మిల్లీమీటర్ల పొట్ట మిగులుతుంది. దాన్ని రెండు చేతుల్లో తిప్పి గోడమీద నీడ చూడండి. పొట్ట ఊగుతోందంటే పిడి నడిమధ్యలో లేదు. పిడి, పొట్ట కలిసే భుజాన్ని మాత్రమే వేడిచేసి సరిచేయండి. వంకర పాయింట్ల మీద మంచి సీసా ఎప్పటికీ రాదు. యాభై పాయింట్లు లాగి, అందులో వరసగా పది నిటారుగా వచ్చేదాకా ముందుకు పోకండి.

తర్వాత బుడగ. ఊదేముందు గాజు సరిపోతుందో లేదో లెక్క చూసుకోండి. 16 మిల్లీమీటర్ల గొట్టం 1.8 మందంతో ఉంటే, 40 మిల్లీమీటర్ల పొడవులో దాదాపు 3,200 ఘన మిల్లీమీటర్ల గాజు ఉంటుంది. దాన్ని 30 మిల్లీమీటర్ల బంతిగా ఊదితే గోడ 1.1 మిల్లీమీటర్లు వస్తుంది, అది మంచి గోడ. 35కు ఊదితే 0.8కి పడుతుంది, తేలిగ్గా పగులుతుంది. పెద్ద బంతి కావాలంటే గట్టిగా ఊదడం దారి కాదు. వేడిచేస్తూ రెండు చేతులనూ మెల్లగా దగ్గరకు నెట్టి ముందు గాజును పోగుచేసుకోవాలి.

మొదటి ఇరవై సీసాలకు రెండు పిడులు కూడా వద్దు. పొడవాటి గొట్టానికి ఒక కొస మూసి గుండ్రంగా చేసి, అక్కడే ఊదండి. గొట్టమే పిడి, తర్వాత అదే మెడ. మూసిన కొస నడుమ గాజు ముద్దగా మిగులుతుంది, బొడ్డులాగా. దాన్ని చిన్న పదునైన మంటతో వేడిచేసి, సన్న కడ్డీ అంటించి లాగేయండి. మళ్లీ వేడిచేసి కాస్త ఊదితే సమమవుతుంది. ఈ బొడ్డు వదిలేసిన సీసాలే అడుగున నక్షత్రంలా పగిలేవి.

ఇప్పుడు 40 మిల్లీమీటర్ల భాగాన్ని వెడల్పు మంటలో తిప్పుతూ అంతటా ఒకే నారింజ రంగు వచ్చేదాకా ఉంచండి. మంటలోంచి తీయండి. ఒక్క క్షణం ఆగండి. ఈ ఆగడమే చాలామంది మర్చిపోయేది. పల్చటి చోటు త్వరగా చల్లారి గట్టిపడుతుంది, మందపు చోటు ఇంకా మెత్తగా ఉంటుంది. ఇప్పుడు ఊదితే మందపు చోటే సాగి గోడ తనంతట తానే సమమవుతుంది. మంటలో ఉండగానే ఊదితే దీనికి సరిగ్గా తలకిందులు జరుగుతుంది: పల్చటి చోటు ఇంకా వేడెక్కి, ఇంకా సాగి, అక్కడే పొక్కులా లేచి పేలుతుంది. ఊపిరి గట్టిగా వద్దు, బుగ్గల్లోని గాలి చాలు. చిన్నచిన్నగా మూడు నాలుగు సార్లు ఊది, ఆకారం రాకపోతే మళ్లీ వేడిచేయండి. ఒక పక్క ఉబ్బితే ఉబ్బిన వైపును నేలవైపు పెట్టి ఒక్క క్షణం ఆగి ఊదండి. లేచే వేడి పైవైపును మెత్తగా ఉంచుతుంది, కిందివైపు ముందు గట్టిపడుతుంది. సన్నటి రబ్బరు గొట్టం, తిరిగే జాయింటు ఉంటే నోరు దూరంగా ఉంచి రెండు చేతులతో తిప్పుకోవచ్చు. ఆ గొట్టంలో ఉమ్మి చేరకుండా చూసుకోండి, చుక్క నీరు వేడి గాజును తాకితే అక్కడినుంచి చీలుతుంది.

సీసా నిలబడాలంటే అడుగు మెత్తగా ఉండగా గ్రాఫైట్ పలక మీద నిటారుగా ఆనించి, నడుమ కొద్దిగా లోపలికి నొక్కండి. పూర్తిగా చదునుగా చేస్తే చల్లారాక ఊగుతుంది. చల్లటి ఇనుప రేకు మీద ఆనించొద్దు, వేడిని లాగేసి అక్కడే బీట పెడుతుంది. మెడ కోయడానికి ఆకురాయి అంచుతో ఒక్కసారే 4 మిల్లీమీటర్ల గీత పెట్టండి. రంపంలా నాలుగుసార్లు రుద్దితే విరుపు పళ్లుపళ్లుగా వస్తుంది. గీత మీద తడి వేలు రాసి, గుడ్డ చుట్టి, గీతకు అవతలివైపు రెండు బొటనవేళ్లు ఆనించి, విరుస్తూ పక్కలకు లాగండి. వంచడంకంటే లాగడమే ఎక్కువ ఉండాలి. అంచును మంటలో గుండ్రబెట్టి, కాస్త మెత్తబడగానే గ్రాఫైట్ కడ్డీని లోపలివైపు ఆనించి తిప్పితే పెదవి విచ్చుకుంటుంది.

మీ రెండో సమస్యకు కారణం ఎనీలింగ్, అంటే వేడిలో కొంతసేపు ఉంచి నెమ్మదిగా చల్లార్చడం, లేకపోవడం. వేడి ఇసుకలో పూడ్చి చల్లారుస్తున్నానని రాశారు. బోరోకు అది సరిపోదు. గాజులోని లాగుడు విడవాలంటే ముక్క మొత్తం 560 డిగ్రీల దగ్గర కొంతసేపు ఉండాలి. ఇసుకకు ఆ వేడి లేదు, ఉన్న లాగుడును అలాగే పట్టి ఉంచుతుంది. మరి వెంటనే ఎందుకు పగలలేదంటే, లాగుడులో ఉన్న సన్నటి బీటను గాలిలోని తేమ కొద్దికొద్దిగా పొడిగిస్తుంది. రాత్రంతా అది జరిగి తెల్లారేసరికి మెడదాకా వస్తుంది. మెడ దగ్గరే ఎందుకంటే పల్చటి బుడగ, మందపు గొట్టం కలిసేది అక్కడే, ముందు చల్లారేది ఒకటి, తర్వాత చల్లారేది ఇంకొకటి.

వేడిని కొలిచే థర్మోకపుల్, దాన్ని అనుకున్న డిగ్రీ దగ్గర నిలిపే పీఐడీ కంట్రోలర్ ఉన్న చిన్న మఫుల్ ఫర్నేస్ (తలుపున్న కరెంటు కొలిమి) చాలు. 560 నుంచి 565కు తెచ్చి, 2 మిల్లీమీటర్ల గోడకు 20 నిమిషాలు, మందపు అడుగు ఉంటే అరగంట ఉంచండి. అక్కడినుంచి 480 వరకు నిమిషానికి 2 నుంచి 3 డిగ్రీల చొప్పున దించండి. తర్వాత స్విచ్ తీసేసి తలుపు మూసే ఉంచండి. 600 దాటించొద్దు, సీసా తన బరువుకే కుంగడం, అడుగున పలక గుర్తులు పడడం మొదలవుతాయి. మధ్యలో కరెంటు పోతే తలుపు తెరవొద్దు. కరెంటు రాగానే మళ్లీ 560కి తీసుకెళ్లి మొదటినుంచి చేస్తే నష్టం లేదు.

ఫర్నేస్ కొనేలోపు చిన్న సీసాలకు ప్రయోగశాల గాజుపనివాళ్ల పాత పద్ధతి ఉంది. పని అయ్యాక సీసా మొత్తాన్ని వెడల్పు మెత్తటి మంటలో రెండు మూడు నిమిషాలు తిప్పి, మంట అంతటా సమంగా పసుపెక్కేదాకా ఉంచండి. తర్వాత ఆక్సిజన్ కొద్దికొద్దిగా తగ్గిస్తూ చివరికి పూర్తిగా కట్టేసి, పసుపు పొగమంటలో గాజు మీద నల్లటి మసి పట్టేదాకా తిప్పండి. మసి నిలిచిందంటే పైపొర వేడి చాలా దిగిందని. ఇది 30 మిల్లీమీటర్ల బుడగ వరకు ఫర్వాలేదు. 26 మిల్లీమీటర్ల గొట్టంతో చేసిన వాటికి దీన్ని నమ్ముకోవద్దు.

లాగుడు మిగిలిందో లేదో చూడడానికి పరికరం కొననక్కర్లేదు. ఎల్‌సీడీ తెర ఉన్న పాత లాప్‌టాప్‌లో తెల్లటి పేజీ తెరిచి, దాని ముందు సీసా పట్టుకుని, పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకోండి. తెర నల్లబడేదాకా అద్దాన్ని తిప్పండి. ఆ నలుపులో సీసా మెడ దగ్గర వెలుగు చారలు మెరిస్తే లాగుడు అక్కడుంది, మళ్లీ ఫర్నేస్‌లో పెట్టాలి. నలుపు నలుపుగానే ఉంటే బాగా వచ్చింది.

పగిలిన వాటిని పారేయకుండా ఒక డబ్బాలో వేసి పగులు చదవండి. భుజం చుట్టూ ఉంగరంలా పోతే మందం పల్చన కలిసిన చోట వేడి చాలలేదు. అంచునుంచి నిలువుగా దిగితే అంచు గుండ్రబెట్టడం సరిగా కాలేదు, లేదా కోసినప్పటి బీట మిగిలింది. గాజు మీద బూడిదరంగు పొర వస్తే మంటలో ఆక్సిజన్ తక్కువైంది. సన్నటి బుడగలు పొంగితే మంట మూతికి మరీ దగ్గరగా పెట్టి మరిగించారు. మంట పడిన చోటు పక్కన తెల్లటి పొర కనిపిస్తే అది గాజులోంచి ఆవిరై మళ్లీ అతుక్కున్నది, చల్లారాక తడిగుడ్డతో తుడిస్తే చాలావరకు పోతుంది.

ఎదురుగా కూర్చుని చూడగలిగితే నెలల పని వారాల్లో అవుతుంది. బెంగళూరు ఐఐఎస్సీ, మద్రాసు ఐఐటీ లాంటి చోట్ల ప్రయోగశాలల కోసం గాజు ఊదే విభాగాలున్నాయి. అనుమతి అడిగి ఒక పూట చూసినా చాలు. అక్కడ ఊదడాన్ని చూడకండి, ఎడమచేతి వేళ్లను చూడండి. ఫిరోజాబాద్ గాజులకు పేరున్న ఊరే గానీ అక్కడ ప్రధానంగా సోడా గాజును కొలిమిలో కరిగించి చేస్తారు, మీ పనికి ఆ పద్ధతి దూరం.

ఇంకొక్క మాట, మీరు చివర్లో అడిగిన దానికి. మీ చేత్తో చేసిన ఫ్లాస్కులను కాలేజీ లాబుకు ఇవ్వొచ్చా అన్నారు. పూలు పెట్టుకునే సీసాలు, అత్తరు సీసాలు అమ్ముకోండి. వాక్యూమ్ పెట్టే పాత్ర, ఒత్తిడి ఉండే పాత్ర, ఆమ్లం మరిగించే పాత్ర మాత్రం ఇవ్వకండి. లాప్‌టాప్ తెర ముందు వరసగా ఇరవై సీసాలు నలుపుగా వచ్చాక ఆమ్లం మరిగించే వాటి గురించి ఆలోచించొచ్చు. వాక్యూమ్ పాత్రలను అప్పుడు కూడా గాజుపనిలో శిక్షణ ఉన్నవాళ్లకే వదిలేయండి.